మన యూదులు
(గజపతినగరం పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ యూరిలో ఒక్క యూదుడైనను లేడు. చంపావతికి ఈ యొడ్డున గాని ఆ యొడ్డున గాని, సాలూరు ఘాటువరకు వెదకినను, ఒక్క యూద కుటుంబము కానరాదు. అట్టి యూరిలో యూదద్వేషమును గూర్చి ప్రసంగ మేల? ఈ ప్రశ్న మమ్ముల నిదివరకే యడిగినారు. సభ సంగతి తెలిసిన దినముననే ఒక పెద్దమనిషి మమ్ము బజారులో నిలిపి, "లేని చుట్టమునకు విందు చేయుచున్నారా?" యని నవ్విరి. ఆ నవ్వును మేము తప్పుపట్టము. మాకు తోచిన సమాధానము మాత్రము మనవి చేసికొందుము.

నెల దినముల క్రిందట కళాశాలలో చదువుకొను చిన్నవా డొకడు ఈ మందిరమునకు వచ్చి, హిట్లరు ఆత్మకథ కావలెనని యడిగెను. బుద్ధిమంతుడే. "ఎందులకు నాయనా?" యంటిమి. "పట్టుదల నేర్చుకొందామనండి" అనెను. పోటీపరీక్షలకు చదువువారికి ఆ పుస్తకము మంచిదని ఎవరో చెప్పిరట. పుస్తకముల దుకాణమున వ్యక్తిత్వవికాస గ్రంథముల నడుమనే దాని నుంచి అమ్ముచున్నారట. మా కాశ్చర్యము కలుగలేదు. బెత్తము విడువని హెడ్మాస్టరును, ఇంట కఠినముగ నుండు తండ్రిని హిట్లరని పిలుచుకొనుట మన కలవాటే. 1997లో చిరంజీవి నటించిన చిత్రమునకే ఆ పేరు పెట్టినారు. చెల్లెండ్రను కట్టుదిట్టముగ పెంచిన అన్న కథ యది. పేరు పెట్టినవారి మనస్సున ద్వేషము రవ్వంతయు లేదని మే మెరుగుదుము. కాని అరువది లక్షల యూదులను, వారిలో సుమారు పదునైదు లక్షల పసివారిని, చంపించినవాని పేరు మన భాషలో కట్టుదిట్టమునకు మారుపేరైనదన్న, ఆ చచ్చినవారు మన కంటి కెన్నడు నానలేదన్నమాట. వారిని కంటి కాననిచ్చుటకే ఈ నాలుగు మాటలు.

యూదులు లోకమంతట కలిపి ఒకటిన్నర కోట్లకు కొంచె మెక్కువ. మన ఆంధ్రప్రదేశపు జనసంఖ్యలో మూడవవంతు. రెండువేల యేండ్లు రాజ్యము లేక, సైన్యము లేక, పోయిన ప్రతిచోట పరదేశులై యుండియు, వీరు నశింపక నిలిచినారు. ఎట్లు నిలిచిరి? కోటలచేత కాదు. ఇంటి యలవాట్లచేత నిలిచిరి.

శుక్రవారము ప్రొద్దు క్రుంకక మునుపే యిల్లాలు దీపములు వెలిగించును. మరునాటి రాత్రి మూడు నక్షత్రములు కానవచ్చు నంతవరకు ఆ యింట పని లేదు. బేరము లేదు, ప్రయాణము లేదు, పొయ్యి రాజేయుట లేదు. యజమానికే కాదు, సేవకునకును, గాడిదకును, ఎద్దునకును విశ్రాంతి యని వారి ధర్మశాస్త్రము. సోమవారమునాడు నాగలి కట్టని పల్లెలను మన పెద్దలెరుగుదురు గనుక ఇది మనకు వింత కాదు. ప్రాణాపాయము కలిగినచో మాత్రము ఈ నియమములన్నియు తొలగిపోవును. ఒక ప్రాణమును కాపాడుటకు సబ్బాతును మీరుట దోషము కాదు సరికదా, మీరకుండుట దోషము. ఏ నియమ మెప్పుడు విడువవలెనో నియమములోనే చెప్పిన వారి తెలివి మాకు మిక్కిలి నచ్చినది.

సామూహిక ప్రార్థనకు పదిమంది కావలెను. వృద్ధాచారమున పదుగురు పురుషులు. నేడు కొన్ని శాఖలలో స్త్రీలనుకూడ లెక్కింతురు. తొమ్మిదిమంది మహాపండితులున్నను చాలదు. పదవవాడు చెప్పులు కుట్టువాడైనను సరిపోవును. కనుక ప్రతివాడును కావలసినవాడే. పస్కా పండుగనాటి రాత్రి విందునకు కూర్చుండినపు డందరికంటె చిన్నపిల్లవాడు ప్రశ్న లడుగవలెను, పెద్దలు సమాధానము చెప్పవలెను. ఐగుప్తుదేశమున తాము బానిసలమై యుంటిమన్న సంగతి యిట్లు ఏటేట పిల్లల చెవిని పడును. "పెద్దలముందు నోరెత్తకుము" అని పిల్లలను గద్దించు మనము దీనిని కొంచె మాలోచింపవలసియున్నది. వారి తాల్ముదు గ్రంథమున ఓడిపోయిన వాదమునుగూడ చెరపక వ్రాసి యుంచినారు, ఎన్నడైనను పనికివచ్చునేమో యని.

వారు దానమునకు వాడు మాట 'సెదాకా'. దాని ధాత్వర్థము న్యాయము. ఇచ్చువాని దయ కాదు, పుచ్చుకొనువాని హక్కు. మన వీధులలో బిచ్చమెత్తువాడు "దానం చెయ్యండి" అనుటకంటె "ధర్మం చెయ్యండి బాబూ" అనుటయే యెక్కువగా వింటిమి. ఆ మాటలో నున్న యర్థమే యిది. పండ్రెండవ శతాబ్దపు మైమొనిడీసు పండితుడు దానమునకు ఎనిమిది మెట్లు చెప్పి, పడిపోవువానికి పనియో అప్పో వ్యాపారమున పాలో ఇచ్చి వాడెన్నడును చేయి చాపకుండునట్లు చేయుటను అన్నిటికంటె పై మెట్టుగ నుంచెను.

వీరి సంగతి మన దేశమువారికి క్రొత్త కాదు. 1647లో హైదరాబాదున సర్మదు అను యూదజన్ముడైన సూఫీని కలసికొని, అతనివలన విని, ఒక పారసీక గ్రంథకర్త తన 'దబిస్తాను' అను మతముల గ్రంథమున యూదమతమును గూర్చి ప్రకరణము వ్రాసెను. అభయచందుడను హిందూ శిష్యుడు తోరాలోని ఆదికాండమునుండి కొంత పారసీకమునకు తెచ్చి యిచ్చెను. సర్మదును ఔరంగజేబు తరువాత చంపించినాడు. అది వేరు కథ. పగడములు తెచ్చి గోలకొండ వజ్రములు కొనుకొన్న యూదవర్తకు లా శతాబ్దముననే చెన్నపట్టణమున నుండిరి. 1688లో ఏర్పడిన ఆ పట్టణపు కార్పొరేషనున వారికి స్థానములుండెను. కొంకణతీరమున 'బెనే ఇజ్రాయేలు' అను యూదులు గానుగ త్రిప్పి నూనె తీయుచు, శనివారము గానుగ నాపుటచేత 'శనివారపు తెలికవారు' అని పేరుపడిరి. తెలికవారి వీధులు మన జిల్లాలోను లేకపోలేదు. శనివారము గానుగ నాపిన పొరుగువానిని చూచి కొంకణపు పల్లెవారు కత్తి దూయలేదు, పేరు పెట్టి యూరకుండిరి. ఆ యూరకుండుటయే ఒక నాగరకత.

ఐరోపాలో నట్లు జరుగలేదు. మహామారి వచ్చినపుడు బావులలో విషము కలిపినారని యూదులను కాల్చిరి. 1290లో ఇంగ్లండునుండి, 1492లో స్పెయినునుండి వెడలగొట్టిరి. భూమి కొననీయక, వడ్డీవ్యాపారము తప్ప మార్గము లేకుండ జేసి, తరువాత వడ్డీవ్యాపారులని తిట్టిరి. మతద్వేషము పాతబడగా 1879లో విల్‌హెల్మ్ మార్ అను జర్మను వ్రాతగాడు దానికి జాతిద్వేషపు చొక్కా తొడిగి, క్రొత్త పేరొకటి లోకమున ప్రచారముచేసెను. మతము మార్చుకొన్న బ్రతుకవచ్చును. నెత్తురు మార్చుకొనుట యెట్లు? 1903లో రష్యాలో వెలువడిన 'సియోను పెద్దల' కుట్రపత్రములు కూటసృష్టి యని లండను టైమ్సు పత్రిక 1921లోనే పంక్తికి పంక్తి చూపి నిరూపించెను. అయినను నూరేండ్లు దాటినపిమ్మటకూడ ఆ కథ చేతిఫోనులలో వేషము మార్చి తిరుగుచునే యున్నది. లోకములోని ధనమంతయు వారి చేతిలో నున్నదనియు వారే. ధనికుల కొంపలు కూల్చు విప్లవములకు మూలమనియు వారే! ఒకే మనిషిపై రెండు విరుద్ధమైన నేరములు మోపినచో, నేరము మోపువానియందే రోగ మున్నదని తెలియవద్దా?

ఈ రోగ మొక వైద్యునిపై పడిన కథ చెప్పెదము. మన దేశమున జరిగినదే. వాల్డెమార్ హాఫ్‌కిన్ 1860లో ఒడెస్సాలో పుట్టెను. 1881లో అచ్చట యూదుల యిండ్లపై మూకలు పడినపుడు ఇరువది యొక్క యేండ్ల యీ విద్యార్థి ఆత్మరక్షణదళమున చేరి, దెబ్బలు తిని, ఖైదయ్యెను. క్రైస్తవము పుచ్చుకొనిన ఉద్యోగ మిత్తుమన్న ఒల్ల ననెను. పారిసునందలి పాశ్చరు సంస్థలో చేరి, కలరాకు టీకా కనిపెట్టి, 1892 జూలై 18న దానిని మొదట తనకే పొడుచుకొనెను. మరుసటి యేడు మన దేశమునకు వచ్చెను. కలకత్తా బస్తీలలో జనులు భయపడి రాళ్లు రువ్వగా, వారి యెదుటనే తానును తన తోడి వైద్యులును టీకా వేసికొనిరి. బొంబాయిలో ప్లేగు వచ్చినపుడు దానికిని టీకా చేసి, 1897 జనవరి 10న మరల తన శరీరముపైననే పరీక్షించుకొనెను. ఆయన టీకాలు లక్షలమందికి వేసినారు.

1902 అక్టోబరులో పంజాబునందలి ముల్కోవాల్ గ్రామమున ఒక్క సీసాలోని మందు పుచ్చుకొన్న పందొమ్మిదిమంది ధనుర్వాతముచేత మరణించిరి. దొరతనమువారు హాఫ్‌కిన్‌ను తొలగించిరి. సీసా మూత తీయునపుడు నేల పడిన పనిముట్టును సరిగా శుద్ధిచేయక వాడుటచే గ్రామముననే దోషము జరిగినదని సాక్ష్య ముండెను. అయినను విచారణ సంవత్సరములు సాగెను. రోనాల్డ్ రాస్ వంటి శాస్త్రజ్ఞులు టైమ్సు పత్రికలో వ్రాసినపిదప 1907లో గాని ఆయన నిర్దోషియని తేలలేదు. ఫ్రాన్సున యూదుడైనందులకు దేశద్రోహి యనిపించుకొన్న డ్రైఫస్ సేనాని ఉదంతమునకు దీనిని తమ్ముడని కొందరన్నారు. ఆయన పనిచేసిన బొంబాయి ప్రయోగశాలకు 1925లో ఆయన పేరే పెట్టినారు. మన తాతముత్తాతల కాలమున ఊళ్లను తుడిచిపెట్టిన రెండు వ్యాధులకు మందు తెచ్చినవాని పేరు ఈ సభలో నెందరెరుగుదురు? హిట్లరు పేరు ఎరుగనివారో?

ఇక, ద్వేషింపబడినవాడు చేయవలసిన దేమి? ఈ ప్రశ్నపై మన దేశమునకును యూదులకును నడుమ ఒక గొప్ప సంవాదము జరిగినది. 1938 జూలైలో ఎవియాను పట్టణమున 32 దేశముల ప్రతినిధులు కూడి శరణార్థులను గూర్చి మాటలాడి, దాదాపు అందరును తలుపులు మూసికొనిరి. నవంబరు 9, 10 తేదీల రాత్రి జర్మనీ అంతట యూదుల దేవాలయములు కాల్చిరి. నవంబరు 26న గాంధీమహాత్ముడు 'హరిజన్' పత్రికలో వ్రాయుచు, తన సానుభూతి యంతయు యూదులదే యనియు, క్రైస్తవలోకమున వారి స్థితి హిందువులలో అస్పృశ్యుల స్థితి వంటిదనియు చెప్పెను. పాలస్తీనా అరబ్బులదనెను. జర్మనీ యూదులు సత్యాగ్రహము చేయవలెననియు సలహా యిచ్చెను. మార్టిన్ బూబర్ అను యూద తత్త్వవేత్త 1939 ఫిబ్రవరిలో యెరూషలేమునుండి సవినయముగ, కాని ఉన్నది దాచక, జవాబు వ్రాసెను. సత్యాగ్రహ మనగా సాక్ష్యము గదా. చూచువాడు, వినువాడు లేని నిర్బంధశిబిరములో ఎవరికొరకు సాక్ష్యము? ఇది దాని సారము.

మేము గాంధీజీ మార్గమున పెరిగినవారము. అయినను ఈ యొక్క వాదమున బూబరునకే మ్రొక్కవలసి వచ్చుచున్నది. ఉప్పు సత్యాగ్రహమున లాఠీదెబ్బలు తినినపుడు పత్రికలు వ్రాసినవి, లోకము చూచినది. చూచుకన్ను లేనిచోట సత్యాగ్రహి బలము సగము పోవును. ఆ కన్ను ద్వేషింపబడువానిది కాదు, పొరుగువానిది. భారము నంతయు దెబ్బలు తినువానిపై మోపి మనము తీర్పరులమై కూర్చుండుట న్యాయము కాదు. ఆ దినములలో జవహర్‌లాలు యూద శరణార్థులకు మన దేశమున చోటియ్యవలెనని యత్నించిరి. సుభాష్ బాబు దాని నంగీకరింపలేదు. మనవారు పెద్దవారు గనుక వారు పొరపడలే దనలేము.

వార్సా నగరమున గోడకట్టి నాలుగు లక్షలకు పైబడిన యూదులను బంధించినపుడు ఇమ్మానుయేలు రింగెల్‌బ్లూమ్ అను చరిత్రకారుడు చేసిన పని పఠనమందిరపు వారమైన మనకు ముఖ్యము. ఆయనయు మిత్రులును శనివారములందు రహస్యముగ కూడుకొని, లోపలి బ్రతుకంతయు వ్రాసి యుంచిరి: రొట్టెల చీటీలు, బడిపిల్లల వ్యాసములు, వీధిగోడల ప్రకటనలు, వంటశాలల లెక్కలు. రేకుపెట్టెలలోను పాలక్యానులలోను పెట్టి భూమిలో పాతిపెట్టిరి. వ్రాసినవారిలో బ్రతికి బయటపడినవారు ముగ్గురు నలుగురే. 1946లో ఒక భాగము, 1950లో ఇంకొక భాగము దొరకినవి. మూడవది నేటికిని దొరకలేదు. 1943 ఏప్రిలులో ఆ వార్సాలోనే తుపాకులు పట్టినవారు నుండిరి. తుపాకి పట్టినవానికిని కలము పట్టినవానికిని ఎక్కువతక్కువలు మేము చెప్పజాలము.

బాధపడిన జాతి తాను బాధింపదని మేము చెప్పము. కొచ్చిలో 1568నాటి పరదేశి దేవాలయమున తెల్లయూదులు, తమ సేవకుల సంతతివారని చెప్పి సాటి యూదులను సరిగా కూర్చుండనీయలేదు. ఏ. బి. సేలమ్ అను వకీలు ఆ కుటుంబములలో పుట్టి, 1929లో లాహోరు కాంగ్రెసునకు పోయి, గాంధీజీ పద్ధతినే తన దేవాలయమున ప్రయోగించెను. ఆ కట్టుబాట్లు క్రమముగ సడలినవి. 'యూదుల గాంధి' యని ఆయనకు పేరు. శనివారపు తెలికవారు స్వతంత్ర ఇజ్రాయేలునకు తరలిపోగా, అచ్చటి మతాధికారులు కొందరు, మీరు నిజముగ యూదులేనా, మీతో వియ్యమందవచ్చునా యని సందేహించిరి. వా రుద్యమము చేసి 1964లో ఆ మచ్చ తుడిపించుకొనిరి.

"నీవెవడవు? ఋజువు చూపుము." ఈ ప్రశ్న ఇప్పుడు మన తెలుగువారినే యడుగుచున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలునకు దగ్గర కొత్తరెడ్డిపాలెమున కొన్ని పదుల కుటుంబములవారు యూదమతము నాచరించుచున్నారు. పుట్టుకచేత మాదిగలు, తాతలనాడు బాప్టిస్టులైనవారు. యాకోబీ సోదరుల నాయకత్వమున, 1990ల తొలినాళ్లలో ప్రార్థనామందిరము కట్టుకొని, తాము ఎఫ్రాయిము గోత్రీయుల సంతతివారమని, బెనే ఎఫ్రాయిములమని ప్రకటించుకొనిరి. వారిని గూర్చి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజులు వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది. వారు హీబ్రూ అక్షరములు నేర్చిరి, సబ్బాతు పాటించుచున్నారు, తెలుగున మాటలాడుచున్నారు. ఇజ్రాయేలు రాజ్యము వారిని ఇంకను యూదులుగ గుర్తింపలేదు.

వారి వంశవృక్షము నిజమా కాదా యని తేల్చుట మా పని కాదు. కాని ఆ సంగతి విన్నవెంటనే మనలో చాలమంది నోట వచ్చు మాట యేది? "ఏదో లాభమునకై చేసియుందురు లెండి." ఈ మాట వినగానే మాకు గుండె కలుక్కుమన్నది. యూదులను గూర్చి లోకము వేయి యేండ్లు అన్నదియు నిదియే. మాదిగలను గూర్చి మన మన్నదియు నిదియే. వారు గుడి యడిగినను, బడి యడిగినను, మతము మారినను, మారకున్నను లాభమునకే! అగ్రహారీకుడు తన గోత్రము చెప్పిన ఋజువడుగనివారము, చర్మకారుడు గోత్రము చెప్పగానే శాసన మేదనుచున్నాము. గాంధీజీ 1938లో ఉపమానముగ చెప్పిన పోలిక కొత్తరెడ్డిపాలెమున ఒక్క యింటిలోనే కూర్చున్నది. కనుకనే 'మన యూదులు' అంటిమి.

ఇంకొక్క మాట చెప్పక తప్పదు. 2023 అక్టోబరు 7న హమాసువారు సుమారు పన్నెండువందలమందిని చంపి, రెండువందల యేబదిమందిని పట్టుకొనిపోయిరి. ఆ పిమ్మట గాజాలో ఇజ్రాయేలు జరిపిన యుద్ధమున పదులవేల జనులు, అందు పసివారెందరో, చచ్చిరి. ఆ రాజ్యపు పనులను విమర్శించుట యూదద్వేషము కాదు. యూదులలోనే అట్లు విమర్శించువారు కలరు. ఇంగ్లీషు దొరతనముతో పోరాడిన మనము ఇంగ్లీషువారి నందరిని ద్వేషింపలేదు. గాజాకై కోపించి మరియొక దేశములో ప్రార్థనకు పోవు యూద వృద్ధునిపై చేయి చేసికొనుట మాత్రము ద్వేషమే. రెండవ వైపునను ఒక మోసమున్నది. మహమ్మదీయులపై కసి తీర్చుకొనుటకు యూదులను పొగడువారు నేడు మనలో కొందరు బయలుదేరినారు. వారికి యూదులయందు ప్రేమ లేదు. చేతికర్ర యొకటి కావలెను, అంతియే.

మన దేశమున యూదులకెన్నడు హాని లేదని గర్వముగ చెప్పుకొందుము. చాలవరకు నిజమే. కాని 2008 నవంబరు 26న బొంబాయి నరిమాన్ హౌసున రబ్బీ దంపతులతో కలిపి ఆరుగురిని, యూదుల మందిరమని వెదకికొనివచ్చి, పాకిస్తానునుండి వచ్చిన ముష్కరులు చంపిరి. వారి బిడ్డ మోషేకు రెండేండ్లు నిండవచ్చెను. క్రింది యంతస్తున దాగియున్న ఆయా సాండ్రా సామ్యూల్, పిల్లవాని ఏడుపు విని, తుపాకు లున్న యింటిలో మెట్లెక్కిపోయి, నెత్తుటి నడుమ నున్నవానిని చంకనెత్తుకొని వచ్చినది. ఆమె యూదురాలు కాదు. ఎవరును ఆమెకు సలహా చెప్పలేదు.

ఇక మన చిన్నవాని సంగతి. ఆ పుస్తకము అతని కీయకుండ దాచవలెనని కార్యవర్గమున కొందరనిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని తెల్లదొరతనము నిషేధించిన దేశమున పుస్తకమునకు తాళము వేయుట కొప్పుకొనము. ఇయ్యవలెనంటిమి, దానితోడనే అన్నే ఫ్రాంకు దినచర్యనుకూడ చేతిలో పెట్టితిమి. ఒకటి అధికారమునకు ఎగబ్రాకుచున్నవాడు వ్రాసినది, ఇంకొకటి ఆ యధికారమునకు వెరచి దాగిన బాలిక వ్రాసినది. ఏది ముందు చదువునో అతని యిష్టము. రెండును నిన్న తెచ్చి యిచ్చినాడు. మొదటిదానిలో అరువది పుటల దగ్గర చీటి యున్నది. రెండవదాని అట్ట నలిగియున్నది. వచ్చు శనివారము సాయంకాలము ఆరు గంటలకు ఆ దినచర్యనుండి కొన్ని భాగములు ఇచ్చట తెలుగున చదివి వినిపించుటకు అతడే యొప్పుకొన్నాడు. పిల్లలను తీసికొని రండు. ప్రశ్నలు మొదట వారే యడుగుదురు.